మెరుపుకి కబురు

కెమెరా ఒకచోట, ఫ్లాష్ ఇంకోచోట. రెండింటి మధ్య వైరు ఉండాలా, గాలిలో పోయే రేడియో ఉండాలా? పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళకి ఇది తీరిగ్గా చేసుకునే చర్చ కాదు.

తెల్లవారుజాము ముహూర్తం. పురోహితుడు గడియారం వైపు చూస్తున్నారు. అడ్డుతెరకి ఇవతల పెళ్ళికూతురు గంపలో కూర్చుని ఉంది, అవతల పెళ్ళికొడుకు. ఇద్దరి చేతుల్లోనూ తమలపాకులో జీలకర్ర బెల్లం ముద్ద. గట్టిమేళం అందుకుంది. చేతులు తలల మీదికి వెళ్ళాయి. తెర దిగింది. నేను బటన్ నొక్కాను.

కెమెరా వెనక స్క్రీన్ మీద కనిపించిన బొమ్మ నాకింకా కళ్ళకి కట్టినట్టే ఉంది. వెనక కట్టిన బంతిపూల గోడ పట్టపగలులా వెలిగిపోతోంది. దాని ముందు పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు నల్లటి నీడల్లా ఉన్నారు. వాళ్ళ ముఖాల కోసమని ఎడమపక్క స్తంభం దగ్గర గొడుగు తగిలించి నిలబెట్టిన నా ఫ్లాష్ కొట్టలేదు. నేను పెట్టని ఫ్లాష్ ఏదో పూల మీద కొట్టింది.

కాస్త ఆగి మళ్ళీ నొక్కాను. ఈసారి నా ఫ్లాష్ కొట్టింది. అప్పటికే చూపులు కలిసి, విడిపోయి, ఆ అమ్మాయి తల దించేసుకుంది.

ఇది జరిగి పదేళ్ళు దాటింది. వైరు మంచిదా, రేడియో ట్రిగ్గర్ మంచిదా అని కొత్తగా కెమెరా పట్టిన కుర్రాళ్ళు ఎవరడిగినా నాకు ముందు ఆ పూల గోడే గుర్తొస్తుంది. ఏది కొన్నా ఫ్లాష్ కొడుతుంది. అది ఏ రోజున, ఎందుకు కొట్టకుండా పోతుందో తెలుసుకుని కొనుక్కోవడంలోనే ఉంది సంగతంతా.

అసలు దించడం దేనికి?

కెమెరా నెత్తిన ఉన్న ఫ్లాష్ ఎదురుగా కొడుతుంది. ముఖం మీద నీడకి చోటే ఉండదు. ముక్కు, చెంప, గడ్డం అన్నీ ఒకే మట్టంలో అతికించినట్టు కనిపిస్తాయి. నీడ మాత్రం వెనక గోడ మీద నల్లగా పడుతుంది. అదే ఫ్లాష్‌ని తీసి ఒక పక్కకి, మనిషి తల కన్నా కాస్త ఎత్తులో, ముఖానికి ఐమూలగా పెట్టి చూడండి. ముక్కు పక్కన చిన్న నీడ పడి ముఖానికి ఆకారం వస్తుంది. కాసులపేరులో ఒక్కో కాసు అంచూ విడిగా తేలుతుంది. పట్టుచీర జరీ నేత కనబడుతుంది. అదే మనిషి, అదే చీర, అదే ఫ్లాష్. మారింది వెలుగు వచ్చే దిక్కు ఒక్కటే.

దించడమైతే సులువే. దించాక, కెమెరా తెరుచుకున్న ఆ క్షణంలోనే కొట్టమని దూరంగా ఉన్న ఫ్లాష్‌కి ఎవరు చెప్పాలి?

కెమెరా వైపునుంచి చూస్తే ఇది చాలా చిన్న పని. కెమెరా పైన ఫ్లాష్ తొడిగే హాట్ షూ మధ్యలో గుండ్రటి లోహపు చుక్క ఉంటుంది. షటర్ పూర్తిగా తెరుచుకోగానే ఆ చుక్కకీ, పక్కనున్న రేకుకీ మధ్య సర్క్యూట్ కలుస్తుంది. ఇంటి గుమ్మం పక్కన కాలింగ్ బెల్ స్విచ్ చేసే పని ఇదే. మెరుపుకి కావలసిన కరెంటంతా ఫ్లాష్‌లోనే ఉంది, కెమెరా ఇచ్చేది ‘ఇప్పుడు’ అన్న కబురు మాత్రమే. ఆ కబురు వైరులో పోవచ్చు, వెలుగుగా పోవచ్చు, రేడియో తరంగంగా పోవచ్చు.

మొదట్లో ఈ కబురు సంగతే లేదు. 1887లో జర్మనీలో మీథె, గాడికె అనే ఇద్దరు మెగ్నీషియం పొడిలో పొటాషియం క్లోరేట్ లాంటివి కలిపి ఫ్లాష్ పౌడర్ తయారు చేశారు. చీకట్లో కెమెరా మూత తీసి, పళ్ళెంలో పొడి భగ్గుమనిపించి, మళ్ళీ మూత పెట్టడమే ఫొటో. గదంతా పొగ, ఒక్కోసారి చేతులు కూడా కాలేవి. తర్వాత గాజు బల్బులొచ్చాయి, ఒక్కొక్కటీ ఒక్కసారే వెలిగేది. 1930లలో అమెరికాలోని ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ గ్యాసు నింపిన గొట్టంలోకి కరెంటు ఒక్కసారిగా వదిలి, కంటికందనంత పొట్టి మెరుపుని, కావలసినన్నిసార్లు రప్పించాడు. ఇవాళ మన బ్యాగుల్లో ఉన్న ప్రతి ఫ్లాష్‌లోనూ ఉన్నది ఆ పద్ధతే. పాల చుక్క పడ్డచోట కిరీటంలా లేచిన పాల ఫొటో చూసే ఉంటారు, అది ఆయన తీసిందే.

మెరుపు అంత పొట్టిదయ్యాక షటర్‌తో జత కుదరడం ప్రాణావసరమైంది. అందుకే కెమెరా ఒంటికి ఒక చిన్న గుండ్రటి సాకెట్ వచ్చింది. మన స్టూడియోల్లో దాన్ని పీసీ సాకెట్ అంటారు. కంప్యూటర్‌తో దానికే సంబంధమూ లేదు. ప్రాంటర్, కాంపుర్ అనే రెండు జర్మన్ షటర్ల పేర్లలోని మొదటి అక్షరాలవి.

మామయ్య వైరు

నేను మొదట ఫ్లాష్ మోసింది మా మామయ్య వెనక. కృష్ణా జిల్లాలో చిన్న ఊరు, బస్టాండు ఎదురుగా స్టూడియో. ఆయన దగ్గర ఒక గొడుగు లైటు, దానికి పదిహేనడుగుల సింక్ వైరు ఉండేవి. వైరు కొసన పీసీ పిన్ను. మధ్యలో సూదంత మొన, చుట్టూ బుల్లి ఉంగరం. ఆ ఉంగరం నాలుగు పెళ్ళిళ్ళు తిరిగేసరికి వదులయ్యేది. మామయ్య జేబులో సన్నమూతి పటకారు ఒకటి ఎప్పుడూ ఉండేది. బయల్దేరే ముందు ఆ ఉంగరాన్ని పటకారుతో లోపలికి పట్టీ పట్టనట్టు నొక్కి, సాకెట్‌లో పెట్టి, చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. కదిలిన చప్పుడు వస్తే మళ్ళీ నొక్కేవాడు.

పెళ్ళిపందిట్లో వైరు పరిచే తీరు ఆయన దగ్గరే నేర్చుకున్నాను. లైటు నుంచి దిగిన వైరుని స్టాండు కాళ్ళలో ఒకదానికి నేల దగ్గర రెండు చుట్లు చుట్టి ముడి వేసేవాడు. అక్కణ్ణుంచి కెమెరా దాకా బాగా వదులుగా వదిలేవాడు.

“ఒరేయ్ అబ్బాయ్, ఈ పందిట్లో కనీసం పదిమంది పిల్లలు ఈ వైరుకి కాలు తగిలించుకుంటారు. ఆపడం నీ వల్లా కాదు, నా వల్లా కాదు. ముడి కింద ఉంటే లాగినప్పుడు పిన్ను ఊడి నా చేతికొస్తుంది. ముడి లేకపోతే లైటు వాడి నెత్తిన పడుతుంది.”

వైరు మీద నాకున్న గౌరవమూ భయమూ రెండూ ఆ మాటల్లోంచి వచ్చినవే. వైరుకి సెల్స్ అక్కర్లేదు. రేడియోలా ఛానల్ కలపడం లేదు, నిద్రపోవడం లేదు. పక్కనెవరు ఏం వాడుతున్నా దానికి పట్టదు. చెడిపోతే చెడిన చోటు కూడా దొరుకుతుంది. చాలామటుకు పిన్ను మెడ దగ్గర లోపలి తీగ తెగి ఉంటుంది. అక్కడ పట్టుకుని అటూ ఇటూ వంచితే ఫ్లాష్ ఒకసారి కొడుతుంది, ఒకసారి మానేస్తుంది. రెండంగుళాలు కోసి మళ్ళీ అతికితే సరి. టంకం పెట్టడం వచ్చిన రేడియో మెకానిక్ ప్రతి ఊళ్ళోనూ ఉన్న రోజులవి.

భయపడాల్సింది పాదాల గురించి. పెళ్ళి ఇంట్లో నేల మీద పడి ఉన్న వైరు ఒక ముసలమ్మని పడెయ్యగలదు. ఫొటో పోతే పోయింది, ఆవిడ తుంటి ఎముక మాటేమిటి? వందమంది నడిచే చోట, నేల మీద పొడుగు వైరు పరవకూడదని నా గట్టి నమ్మకం. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఇంకో ప్రమాదం కంటికి కనబడదు. పాత ఫ్లాష్‌లు కొన్నింటిలో, కబురు అందుకునే ఆ చుక్క మీదే రెండు వందల వోల్టులు దాటి ఉంటాయి. మామయ్య పాత ఫ్లాష్‌కి మల్టీమీటర్ పెట్టి చూస్తే నాకు అలాగే కనబడింది. ఆయన ఫిల్ము కెమెరాలో ఉన్నది రెండు లోహపు రేకులు, వాటికి అది లెక్కే కాదు. డిజిటల్ కెమెరాలో ఆ పని చేసేది సున్నితమైన ఎలక్ట్రానిక్ స్విచ్. కొన్ని కెమెరాలు 250 వోల్టుల దాకా తట్టుకుంటాయి, కొన్నింటికి 6 వోల్టులు దాటితేనే గండం. ఇంట్లో పాత ఫ్లాష్ ఏదైనా దొరికితే, కెమెరాకి తగిలించే ముందు దాన్ని ఆన్ చేసి, రెడీ లైటు వెలిగాక, మీటరు ఎర్ర మొన మధ్య చుక్క మీద, నల్ల మొన పక్క రేకు మీద పెట్టి కొలవండి. అంకె పెద్దదైతే వైరుతో కలపొద్దు. అలాంటి ఫ్లాష్‌కి రేడియో రిసీవరే దారి. రిసీవర్ ఎన్ని వోల్టులు ఆపగలదో దాని కాగితంలో చూసుకోవాలి. దెబ్బ తగిలినా దానికే తగులుతుంది, కెమెరా దాకా రాదు.

చుట్టల వైరు

పొడుగు వైరు కాళ్ళకి తగులుతుందన్న భయం పొట్టి వైరుకి వర్తించదు. పాత టెలిఫోన్ రిసీవరుకి ఉండే చుట్టల వైరు లాంటిది, ఒక కొసన కెమెరా మీదికెక్కే షూ, రెండో కొసన ఫ్లాష్ కూర్చునే షూ. నికాన్ వాళ్ళ ఎస్‌సీ-28 సాగదీస్తే మీటరున్నర వస్తుంది. కానన్ ఓసీ-ఈ3 అంతకన్నా పొట్టి. మామూలు సింక్ వైరు కొట్టమని చెప్పడం తప్ప ఏమీ చెప్పలేదు. ఈ చుట్టల వైరు మాత్రం కెమెరాకీ ఫ్లాష్‌కీ మధ్య జరిగే సంభాషణంతా మోస్తుంది. వెలుగెంత కావాలో కెమెరాయే లెక్కగట్టి చెప్పే టీటీఎల్, ఎండలో వేగంగా తీయడానికి కావలసిన హై స్పీడ్ సింక్, అన్నీ ఫ్లాష్ కెమెరా మీద ఉన్నట్టే పనిచేస్తాయి.

మీటరున్నర పొడుగు తక్కువని చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు. నాకు మాత్రం ఆ పొట్టితనమే గురువు అనిపిస్తుంది. వెలుగు దూరం పోయేకొద్దీ పరుచుకుని పలచబడుతుంది. దూరం రెట్టింపైతే మనిషి మీద పడే వెలుగు సగం కాదు, పావు వంతు అవుతుంది. మీటరు దూరంలో ఉన్న ఫ్లాష్‌ని రెండు మీటర్లకి జరిపితే నాలుగింతల పవరు కావాలి. పుస్తకంలో చదివితే ఇది పరీక్షకి పనికొస్తుంది. ఎడమచెయ్యి చాచి ఫ్లాష్ పట్టుకుని, మోచెయ్యి మడిచి ఒక ఫొటో, సాచి ఒక ఫొటో తీసినవాడికి ఆ లెక్క కండరంలోకి ఎక్కుతుంది. నెల తిరిగేసరికి ముఖం మీద ఎంత వెలుగు పడుతుందో ఫొటో తీయకముందే తెలుస్తుంది.

ఊరేగింపులో, అప్పగింతల్లో, ఇరుకు గదిలో పెళ్ళికూతురిని ముస్తాబు చేస్తున్నప్పుడు ఈ వైరుని మించింది లేదు. స్టాండు పెట్టే చోటుండదు, మనుషులు కదులుతూనే ఉంటారు. ఫ్లాష్ మన చేతిలోనే ఉంటే వెలుగు మనతో పాటే నడుస్తుంది.

గాలిలో కబురు

వైరుకీ రేడియోకీ మధ్య వెలుగుతోనే కబురు పంపే పద్ధతి ఒకటి వచ్చింది. ఒక ఫ్లాష్ కొడితే ఆ వెలుగు చూసి ఇంకోటి కొట్టడం. దీన్ని స్లేవ్ అంటారు. స్టూడియో నాలుగు గోడల మధ్య చక్కగా పనిచేస్తుంది. పెళ్ళిలో మాత్రం చుట్టాలబ్బాయి చేతిలో ఉన్న చిన్న కెమెరా మెరిసినా మన ఫ్లాష్ కొట్టేస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ కబురు కనబడనే కనబడదు. దాని గురించి ఇంతకు మించి చెప్పను.

రేడియో ట్రిగ్గర్లు అమెరికా, యూరప్ స్టూడియోల్లో చాలాకాలంగా ఉన్నాయి. పాకెట్‌విజార్డ్ పేరు అక్కడి ఫొటోగ్రాఫర్లకి ఇంటిపేరంత దగ్గర. మన ఊళ్ళ దాకా రాలేదంటే ధరే కారణం. చైనా కంపెనీలు చవక ట్రిగ్గర్లు దించాక సీను మారిపోయింది. కోఠీ సందుల్లో బ్యాటరీలు కొన్నంత తేలిగ్గా ట్రిగ్గర్ల జత కొనుక్కునే రోజులొచ్చాయి. 2012లో కానన్ 600ఈఎక్స్-ఆర్‌టీ అనే ఫ్లాష్‌లో రేడియోని లోపలే పెట్టి ఇచ్చింది. ఇవాళ షెన్‌జెన్‌కి చెందిన గోడాక్స్ లాంటి కంపెనీల ఫ్లాష్‌లు చాలా వాటిలో రిసీవర్ పుట్టుకతోనే ఉంటోంది. కెమెరా మీద ట్రిగ్గర్ ఒక్కటి చాలు. పందిరి అవతల గుంజకి కట్టిన ఫ్లాష్ పవరు కూడా ఉన్నచోటునుంచే తగ్గించొచ్చు, పెంచొచ్చు. ఎత్తైన స్టాండు కిందికి దించి, బటన్లు నొక్కి, మళ్ళీ ఎత్తి నిలబెట్టిన నాలాంటివాళ్ళకి ఆ ఒక్క సదుపాయం ఎంతటిదో తెలుసు.

ఈ ట్రిగ్గర్లలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాల మీద మాట్లాడతాయి. వైఫై, బ్లూటూత్, కొన్ని కార్డ్‌లెస్ మైకులు, డ్రోన్లు అన్నీ ఆ వీధిలోనే తిరుగుతాయి. పెట్టె మీద 100 మీటర్లు అని రాసి ఉంటుంది. అది అడ్డేమీ లేని మైదానం లెక్క. ఈ తరంగానికి నీళ్ళంటే పడదు. మనిషి ఒళ్ళు చాలావరకు నీళ్ళే కాబట్టి, వెయ్యిమంది కిక్కిరిసిన కల్యాణ మండపంలో నడుం ఎత్తులో పెట్టిన రిసీవర్‌కి కబురు అందడం కష్టమవుతుంది. ఫ్లాష్‌ని తలల కన్నా ఎత్తులో పెడితే కబురుకి దారి దొరుకుతుంది. ఎల్‌ఈడీ గోడ వెనకా, ఇనప స్తంభానికి ఆనించీ పెట్టకూడదు.

దగ్గరైతే ఇబ్బంది లేదనుకుంటాం. అది కూడా నిజం కాదు. కొన్ని ట్రిగ్గర్లు దూరంగా ఉన్న ఫ్లాష్‌ని కొట్టిస్తాయి, అరమీటరు దగ్గరున్నదాన్ని కొట్టించలేవు. పక్కన నిలబడి చెవిలో గట్టిగా అరిస్తే మాట అర్థం కానట్టు, సంకేతం మరీ బలంగా తగిలి రిసీవర్ తికమకపడుతుంది. అందుకే కొన్ని ట్రిగ్గర్ల సెట్టింగుల్లో 0–30 మీటర్లు, 1–100 మీటర్లు అని రెండు వరసలు ఇస్తారు. ఫ్లాష్ చేతిలో పట్టుకుని నగల ఫొటోలు తీస్తున్న ఒక తమ్ముడు ఫ్లాష్ పాడైందని రిపేరుకి ఇవ్వబోతే, ఆ సెట్టింగ్ మార్చి చూపించాను. ఒక్క వృథా ప్రయాణం తప్పింది.

చవక ట్రిగ్గర్లతో ఇంకో సమస్య, కబురు వెంట్రుకవాసి ఆలస్యంగా చేరడం. కెమెరా షటర్ 1/250 సెకను వేగం దాకా ఫ్లాష్‌తో పనిచేస్తుందని రాసి ఉన్నా, ఆ వేగంలో ఫొటో అడుగున సన్నటి నల్ల పట్టీ కనబడుతుంది. కబురు అందేలోపు షటర్ రెండో తెర మూసుకోవడం మొదలుపెట్టిందన్నమాట. 1/160కి దిగితే పట్టీ పోతుంది. గండికోట రాళ్ళ మీద మిట్టమధ్యాహ్నం ప్రీ వెడ్డింగ్ షూట్ అంటే మాత్రం అలా దిగడానికి వీలుండదు. వెనక ఆకాశం తెల్లగా పోకుండా ఉండాలంటే 1/1000, 1/2000 వేగం కావాలి. అక్కడ హై స్పీడ్ సింక్ తెలిసిన ట్రిగ్గర్ గానీ చుట్టల వైరు గానీ ఉండాల్సిందే. ఈ పద్ధతిలో ఫ్లాష్ ఒక్క పెద్ద మెరుపుకి బదులు వరసగా చిన్న చిన్న మెరుపులు కొడుతుంది కాబట్టి బలం బాగా తగ్గిపోతుంది. ఫ్లాష్‌ని మనుషులకి బాగా దగ్గరికి తేవాలి.

కొట్టనప్పుడు

ముహూర్తం దగ్గరపడుతుంటే ఫ్లాష్ కొట్టడం మానేస్తుంది. చేతులు వణుకుతాయి, అన్నీ ఒకేసారి కెలుకుతాం. నేను మా కుర్రాళ్ళకి నేర్పేది మూడు నొక్కులు. మొదట ఫ్లాష్ వెనకున్న టెస్ట్ బటన్ నొక్కు. కొట్టకపోతే తప్పు ఫ్లాష్‌లోనో సెల్స్‌లోనో ఉంది. కొడితే, కెమెరా మీదున్న ట్రిగ్గర్ టెస్ట్ బటన్ నొక్కు. కొట్టకపోతే ఛానలో, గ్రూపో కలవలేదు, లేదా రిసీవర్ నిద్రపోయింది. అదీ కొడితే కెమెరా బటన్ నొక్కు. ఇక్కడ ఆగిందంటే హాట్ షూ దగ్గర ట్రిగ్గర్ సరిగ్గా కూర్చోలేదు, లేదా కెమెరా సైలెంట్ షటర్‌లో ఉంది. పది సెకన్లలో తేలిపోతుంది.

మన పెళ్ళిళ్ళలో హాట్ షూకి ప్రత్యేకమైన శత్రువు పసుపు. మంగళస్నానాల్లో తడి చేతుల పసుపు, ఆపైన అక్షింతల పొడి, దానికి చెమట తోడై ఆ లోహపు చుక్క మీద సన్నటి పొర కడుతుంది. పిల్లల పెన్సిల్ రబ్బరుతో నాలుగుసార్లు రుద్దితే చుక్క తళతళలాడుతుంది. ఆ రబ్బరు ముక్క నా బ్యాగులో లెన్సు గుడ్డతో పాటే ఉంటుంది.

సెల్స్ విషయంలో పొదుపు పనికిరాదు. రీఛార్జబుల్ సెల్స్‌ని నాలుగేసి చొప్పున జట్లు కట్టి, ఒక్కో జట్టుకి ఒక్కో రంగు చుక్క పెట్టుకోవాలి. నాలుగింటిలో ఒక్కటి ముసలిదైనా మిగతా మూడూ దానితో పాటు కుంటుతాయి, రెండు సెకన్లలో సిద్ధం కావాల్సిన ఫ్లాష్ ఆరు సెకన్లు తీసుకుంటుంది. ఫ్లాష్‌లోనూ రిసీవర్‌లోనూ తనంతట తనే ఆరిపోయే సెట్టింగ్ ఉంటే, పెళ్ళికి బయల్దేరే ముందే దాన్ని ఆపెయ్యాలి.

ఏం కొనమంటారు?

మొన్న ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. “అన్నా, సెకండ్ హ్యాండ్ కెమెరా దొరికింది. చేతిలో ఉన్నది ఒక ఫ్లాష్‌కి సరిపోద్ది. పైన కొంచెమే మిగుల్తది. వైరా, ట్రిగ్గరా?”

ముందు ఫ్లాష్ కొనేటప్పుడే లోపల రేడియో రిసీవర్ ఉన్నది కొనమన్నాను. దానికి పెద్దగా ఎక్కువ పెట్టక్కర్లేదు, రేపు ట్రిగ్గర్ ఒక్కటి చేర్చుకుంటే చాలు. మిగిలిన డబ్బుతో చుట్టల వైరు, ఒక తెల్ల థర్మోకోల్ షీటు తీసుకోమన్నాను. ఫ్లాష్ ఒక పక్క, షీటు రెండో పక్క. వాళ్ళమ్మగారిని, చెల్లెల్ని, టీ కొట్టు ఆయన్ని ఒక నెల రోజులు తీయమన్నాను. వెలుగు ఎక్కణ్ణుంచి రావాలో తెలిసినవాడి చేతికి ట్రిగ్గర్ వస్తే రెక్కలొచ్చినట్టు ఉంటుంది. తెలియకుండా వస్తే ఫ్లాష్ ఎక్కడ పెట్టాలో తోచక పందిరంతా తిరుగుతాడు.

పాస్‌పోర్ట్ ఫొటోలు తీసే స్టూడియో పెట్టుకుంటున్నవాళ్ళు అడిగితే ఇంకో మాట చెప్తాను. అక్కడ లైట్లు ఏళ్ళ తరబడి జరగవు. వైరుని గోడ వెంట క్లిప్పులు కొట్టి లైటు దాకా తీసుకెళ్ళండి. రోజుకి వందసార్లు నొక్కినా దానికి సెల్స్ మార్చే పని లేదు. కాళ్ళకి అడ్డం రాని చోట వైరుని మించిన నమ్మకస్థుడు లేడు. కల్యాణ మండపంలో మాత్రం రేడియోయే. మనుషులు నడిచే నేల వాళ్ళకే వదిలెయ్యాలి. ఆ రేడియో మొరాయించిన రోజున తీయడానికి బ్యాగు పక్క జేబులో చుట్టల వైరు ఉండాలి.

ఆ బంతిపూల గోడ

ఆ తెల్లవారుజామున జరిగిందేమిటో తలంబ్రాల వేళకి గానీ నాకు అర్థం కాలేదు. పెళ్ళికొడుకు తరఫు ఫొటోగ్రాఫర్, నాకన్నా బాగా పెద్దాయన, అప్పటిదాకా విడిదింట్లో ఉన్నారు. ముహూర్తానికి కాస్త ముందు పందిట్లోకి వచ్చారు. కెమెరా మీద ట్రిగ్గర్, దాని నెత్తిన ఒక ఫ్లాష్. పూల గోడ వెలగడానికి మండపం వెనక తక్కువ పవర్లో ఇంకో చిన్న ఫ్లాష్. ఆయన ట్రిగ్గర్, నా ట్రిగ్గర్ ఒకే కంపెనీవి. కొట్టమని చెప్పడం తప్ప ఇంకేమీ తెలియని పాత రకం. వాటి ఒంటి మీద ఒక మూత కింద అగ్గిపుల్ల కొనతో జరపాల్సిన నాలుగు బుల్లి స్విచ్‌లు ఉంటాయి. పైకీ కిందికీ మార్చుకుంటే పదహారు ఛానళ్ళు. ఆయనా మార్చలేదు, నేనూ మార్చలేదు. ఇద్దరం కంపెనీ ఇచ్చిన ఛానల్లోనే ఉన్నాం.

తెర దిగగానే ఆయన నాకన్నా క్షణం ముందు నొక్కారు. ఆయన కబురుకి నా గొడుగు ఫ్లాష్ కూడా కొట్టేసింది. సగం పవర్లో కొట్టిన ఆ ఫ్లాష్ మళ్ళీ నిండేలోపు నేను నొక్కాను. నా కబురు అందుకోవడానికి అప్పటికి సిద్ధంగా ఉన్నది ఆయన పూల గోడ ఫ్లాష్ ఒక్కటే.

నేను ట్రిగ్గర్ పీకేసి చుట్టల వైరు తీశాను. తలంబ్రాలు కుడిచేత్తో కెమెరా, బారుగా చాచిన ఎడమచేతిలో ఫ్లాష్ పట్టుకుని తీశాను. ఫ్లాష్ పవరు పదహారో వంతుకి దించాను. పవరు తగ్గేకొద్దీ మెరుపు నిడివీ తగ్గుతుంది, సెకనులో కొన్ని వేలవ వంతుకి పడిపోతుంది. దోసిట్లోంచి జారిన బియ్యపు గింజలు, వాటి మధ్య పసుపు రేణువులు, గాలిలో ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఎడ్జర్టన్ పాల చుక్కని ఆపిన పద్ధతిలోనే. ఆ అమ్మాయి పగలబడి నవ్వుతోంది. ఒక గింజ ఆమె కనురెప్ప మీద ఉంది.

భోజనాల దగ్గర ఆయన పక్కన కూర్చున్నాను.

“గురువుగారూ, మీ ట్రిగ్గర్ ఏ ఛానల్లో ఉంది?”

ఆయన చెయ్యి ఆగింది. “జీలకర్ర బెల్లం ఫొటోలో పక్కనుంచి వెలుగు పడింది తమ్ముడూ. నేను పెట్టిన లైటు కాదే అనుకున్నా. అది నీదా?”

చెయ్యి కడుక్కుని కెమెరా తెచ్చి చూపించారు. కెమెరా మీంచి ఆయన వెలుగు, వెనకనుంచి పూల వెలుగు, ఎడమ పక్కనుంచి నా గొడుగు వెలుగు. కాస్త ఎక్కువ పడింది గానీ పోలేదు. తెర అంచు ఇంకా గాలిలోనే ఉంది. తమలపాకుల మీద ఆనిన చేతులు, ఎత్తిన రెప్పలు, మొదటిసారి ఎదురుపడిన రెండు చూపులు.

మర్నాడు పెన్ డ్రైవ్‌లో ఆ ఒక్క ఫొటో వేసి పంపించారు. పెళ్ళికూతురి వాళ్ళకి విషయం ఉన్నదున్నట్టు చెప్పాను. ఆల్బమ్ మధ్యలో రెండు పేజీలకీ అడ్డంగా వాళ్ళు వేయించుకున్నది ఆ ఫొటోనే.